మాటకు రెండు అరలు: గద్యపదం, పద్యపదం, శాస్త్రపదం

ఆంగ్లంలో ఉన్న ఒక వాక్యాన్ని ప్రాచీన గ్రీకు భాషలోకి మార్చటం ఒకప్పుడు ఇంగ్లండు పాఠశాలలలో నిత్యకృత్యంగా ఉండేది. ఒకనాడు గద్యం ఇచ్చి థుసిడిడీస్ వలె, ప్లేటో వలె రాయమనేవారు. మరొకనాడు షేక్స్పియరు నాటకంలోని కొన్ని పంక్తులు ఇచ్చి సోఫొక్లీస్, యురిపిడీస్ వాడిన ఛందస్సులో రాయమనేవారు. ఈ విద్యార్థుల అవసరం కోసం ఎస్. సి. వుడ్‌హౌస్ అనే పండితుడు 1910లో ఒక ఆంగ్ల-గ్రీకు నిఘంటువును ప్రకటించినాడు. ఏథెన్సు నగరపు సాహిత్య భాష అయిన ఆటిక్ గ్రీకుకు ఆయన పరిమితమైనాడు. నిఘంటువులు ఎన్నో ఉన్నవి. కాని ఈ నిఘంటువులో ఒక విశేషం కలదు. ప్రతి గ్రీకు పదానికి ముందు ఆయన ఒక చిన్న గుర్తు ఉంచినాడు. ఈ పదం గద్యంలో వాడదగినది, ఈ పదం పద్యంలో వాడదగినది, ఈ పదం రెండింటికీ చెల్లుతుంది అని ఆ గుర్తు చెబుతుంది.

అర్థం ఒకటే అయినప్పుడు ఈ విభజన ఎందుకు అని మన విద్యార్థి అడగవచ్చును. ఉదాహరణ చూడండి. సముద్రానికి ఏథెన్సు గద్యంలో ‘థలత్త’ అన్నారు. కవులు ‘పొంతొస్’ అనటానికి ఇష్టపడినారు. ఇంటికి గద్యంలో ‘ఒయికియా’, నాటక పద్యంలో ‘దోమొస్’. నేలకు ‘గే’ అనేది ఎక్కడైనా చెల్లుతుంది, ‘ఖ్థోన్’ అనేది కవుల సొత్తు. భార్యకు ‘గునే’ అనేది సాధారణ పదం, ‘దమర్’, ‘అలొఖొస్’ అనేవి రంగస్థలం మీద వినిపించే పదాలు. ఒక వర్తకుడు న్యాయస్థానంలో తన భార్యను ‘దమర్’ అని, తన ఇంటిని ‘దోమొస్’ అని చెప్పుకుంటే వినేవారు నవ్వి ఉండేవారు. మన సూళ్లూరుపేట సంతలో ఒకాయన “నా అర్ధాంగి సదనమందున్నది” అంటే ఎట్లుంటుందో అట్లే. అర్థం తప్పు కాదు, వ్యాకరణం తప్పు కాదు, అయినా మాట తప్పే.

ప్రసంగవశాత్తు ఒక విషయం. ఈ కవుల పదాలలో కొన్ని మనకు దూరపు బంధువులు. ‘దోమొస్’ అనే మాట, వేదంలో ఇల్లు అనే అర్థం గల ‘దమ’ అనే మాట ఒకే మూలం నుంచి వచ్చినవి. మన ‘దంపతి’ అంటే మొదట గృహపతి. అదే కుటుంబానికి చెందిన గ్రీకు పదం ‘దెస్పొతేస్’, యజమాని అని అర్థం, తరువాత ఐరోపాలో నిరంకుశ ప్రభువు అనే అర్థానికి పేరుపడింది. ‘పొంతొస్’ కూడా సంస్కృతంలో దారి అని అర్థమిచ్చే ‘పంథాః’ అనే మాటకు దాయాది. నావికునికి సముద్రం అడ్డం కాదు, బాట!

ఇక మన భాషల సంగతి. మన కళాశాలలో ఒకే బల్ల మీద ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి కూర్చుంటారు. ఇద్దరి భాషలలోనూ ఈ రెండు అరలు ఉన్నవి. తెలుగువాడు మాటలలో సముద్రం అంటాడు, తీరంలోని పల్లెకారు సంద్రం అంటారు. పద్యం వచ్చేసరికి కడలి, మున్నీరు, వారిధి, పయోధి బయటికి వస్తవి. ఉర్దూలో మాటలకు సమందర్, కవిత్వానికి బహర్, ఖుల్జుం. ఈ ఖుల్జుం మొదట సూయజ్ దగ్గర ఉండిన ఒక రేవు పేరు. గ్రీకులు దానిని ‘క్లుస్మ’ అన్నారు, అరబ్బులు ఖుల్జుం అన్నారు, ఆ రేవు పేరు మీద ఎర్ర సముద్రానికి ఆ పేరు వచ్చింది, అక్కడి నుంచి పారసీ, ఉర్దూ కవుల చేతిలో అపార సముద్రమనే అర్థం పొందింది. గజల్ చదివే మన విద్యార్థి తనకు తెలియకుండానే ఒక గ్రీకు పదాన్ని పలుకుతున్నాడు.

పద్యపు అర నుంచి ఏ మాట తీయాలి అనే విషయంలో తెలుగు కవులు పట్టుదలగా ప్రయోగాలు చేసినారు. సంస్కృత సమాసాలు లేకుండా కేవలం తెలుగు మాటలతోనే ఒక ప్రబంధం రాయవచ్చునని నిరూపించిన మొదటి కావ్యం పొన్నిగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్రము’. 16వ శతాబ్దిలో, గోలకొండను ఇబ్రహీం కుతుబ్ షా పాలించిన రోజులలో, ఆ కావ్యం అమీన్ ఖాన్ అనే అధికారికి అంకితమైనది. అచ్చ తెలుగు కావ్యాలలో మొట్టమొదటిదానికి కృతిభర్త ఒక ముస్లిం ప్రభువు అనే సంగతి మన విద్యార్థులందరికీ తెలిసి ఉండటం మంచిది. భాషలు మతాల వెంట నడుస్తవని అనేవారికి ఇంతకంటె వేరే సమాధానం అక్కరలేదు.

అనువాదంలో అర మారితే ఏమవుతుందో తెలియటానికి దువ్వూరి రామిరెడ్డి గారి ‘పానశాల’ చక్కని దృష్టాంతం. శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండినది, ఆ జిల్లాకు చెందిన కవి ఆయన (1895–1947). పారసీ నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలుగా మలచినారు. ఖయ్యాం మాటలలోని ‘మైఖానా’ను గద్యపు అర తెరిచి అనువదిస్తే ‘సారా దుకాణం’ అవుతుంది. అర్థంలో లోపం ఏమీ లేదు. కాని ఆ మాట వినగానే మనకు కనిపించేది వీధిమూల, గుత్తేదారు, తగాదాలు. రామిరెడ్డి గారు ‘పానశాల’ అన్నారు. ఉర్దూ, పారసీ కవిత్వంలో మైఖానాకు ఉన్న గౌరవం తెలుగులో ఈ మాటకు వచ్చింది. వుడ్‌హౌస్ తన నిఘంటువులో గుర్తులు పెట్టింది ఇటువంటి ఎంపిక కోసమే.

తెలుగులో ఈ భేదాన్ని నిఘంటువు స్థాయిలో ముందుగా గ్రహించినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ముఖ్యుడు. కడపలో ఉద్యోగం చేసిన ఈ దొర (1798–1884) వేమన పద్యాలను వెలికితీసిన సంగతి అందరికీ తెలుసు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువు ముఖపత్రం మీదనే వ్యవహారంలో వాడే వాడుక భాష, కవుల భాష రెండూ ఇందులో వివరింపబడినవని ప్రకటించినాడు. అంటే రెండు అరలు ఉన్నవని పేరులోనే చెప్పినాడు. అంతటితో ఆగలేదు. కచేరీలలో, రైతుల మధ్య, సంతలలో వాడుకలో ఉన్న హిందూస్తానీ, పారసీ, అరబీ మొదలైన మాటల కోసం ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును 1854లో ప్రకటించినాడు. పండితులు అవి తెలుగు మాటలు కావన్నారు. తెలుగువారు రోజూ పలికే మాట తెలుగు మాట కాకపోతే మరి ఎవరి మాట అనేది బ్రౌన్ పద్ధతి వెనుక ఉన్న ప్రశ్న. జమాబందీ, తాలూకా, దస్తావేజు, వకాల్తా లేకుండా నేటికీ ఒక రైతు తన భూమిని గురించి మాట్లాడలేడు. ఇది మూడవ అర అనవచ్చును. నా మట్టుకు నాకు ఈ మూడవ నిఘంటువే బ్రౌన్ చేసిన సేవలో మిక్కిలి సాహసమైనదిగా తోస్తుంది.

అయితే బ్రౌన్ కాలంలోనే తెలుగు వచనం వేరొక దారి పట్టింది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) రాసిన తరువాత పాఠశాల వచనమంతా పద్యపు అర నుంచి తీసిన మాటలతో నిండిపోయింది. సూరి గారి వచనం అందమైనది, అందులో సందేహం లేదు. చిక్కు ఏమిటంటే ఏథెన్సు గద్యకారులు తమ నగరంలోని మాటలతో గద్యం నిర్మించుకున్నారు, మనవారు కావ్య భాషనే గద్యానికి తొడిగినారు. గిడుగు రామమూర్తి గారు (1863–1940) జీవితమంతా పోరాడింది ఈ తొడుగు తీయటానికే. కథలలో, పత్రికలలో ఆ పోరాటం గెలిచింది. శాస్త్ర గ్రంథాలలో మాత్రం సగమే గెలిచింది. ఇక్కడి నుంచే మన అసలు విషయం.

శాస్త్రపదాలు ఏ అర నుంచి రావలె? గ్రీకులను చూస్తే జవాబు ఆశ్చర్యకరంగా ఉంటుంది. నేటి శాస్త్రాలలోని గంభీరమైన పదాలు చాలావరకు వారి ఇంటి మాటలు, పొలం మాటలు. గోళానికి వారి ‘స్ఫైర’ పిల్లలు ఆడుకునే బంతి. ‘కులింద్రొస్’ అంటే దొర్లే రోకలిబండ వంటిది. ‘త్రపెజియొన్’ చిన్న బల్ల. ‘కోనొస్’ దేవదారు కాయ. గ్రహాన్ని ‘ప్లనేతేస్’ అన్నారు, అంటే తిరుగుబోతు. నిలకడగా ఉన్న చుక్కల మధ్య ఇది ఒక్కటే తిరుగుతున్నది కనుక. అరబ్బులు గ్రీకు శాస్త్రాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నప్పుడు దీనికి ‘సయ్యారా’ అన్నారు, పయనించేది అని అర్థం, ఉర్దూలో నేటికీ అదే మాట. మనవారి ‘గ్రహం’ మాత్రం పట్టుకొనేది అనే భావం నుంచి వచ్చింది. వారు ఆకాశంలో నడకను చూసినారు, మనం పట్టును చూసినాం.

తోకచుక్కను గ్రీకులు ‘కొమేతేస్’ అన్నారు, పొడుగు జుట్టు కలది అని. సంస్కృతంలో ‘ధూమకేతువు’, పొగను జెండాగా కలది, ఎంత అందమైన మాట! ఇది నిస్సందేహంగా పద్యపు అర. కాని మన పల్లెజనం ‘తోకచుక్క’ అన్నారు. ఉర్దూవారు ‘దుమ్‌దార్ తారా’ అన్నారు. రెండూ తోక ఉన్న చుక్కే. ఎవరూ ఎవరినీ అడగకుండా, ఏ సంఘమూ తీర్మానించకుండా పుట్టిన ఈ జంట పదాలను మించిన శాస్త్రపదం ఇంకొకటి చూపటం కష్టం.

‘కేంద్రం’ సంగతి ఇంకా చిత్రమైనది. ఇది సంస్కృతమనే మనం అనుకుంటాం. నిజానికి గ్రీకు ‘కెంత్రొన్’. జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి వచ్చింది, ‘హోర’ వచ్చినట్లే. కెంత్రొన్ అంటే మొదట ఎద్దులను అదిలించే ములుగర్ర. దాని మొన నుంచి వృత్తలేఖిని గుచ్చిన బిందువు అనే అర్థం వచ్చింది. ఉర్దూలో కేంద్రానికి ‘మర్కజ్’ అంటారు. నేలలో ఈటె పాతటాన్ని చెప్పే అరబీ ధాతువు నుంచి అది వచ్చింది. ఒకరు ములుగర్రతో గుచ్చినారు, ఒకరు ఈటెతో గుచ్చినారు, ఇద్దరికీ దొరికింది ఒకే బిందువు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న మన శ్రీహరికోట దీవిలోని సంస్థకు 2002 నుంచి ‘సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం’ అని పేరు. ఆ పేరు పలికే ప్రతిసారీ ఒక గ్రీకు రైతు చేతికర్రను మనం తలుస్తున్నాం.

శ్రీహరికోట మాట వచ్చింది కనుక ఆ పరిసరాలలో పుట్టిన మాటలనే పరీక్షిద్దాం. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటిసారిగా రోహిణి-125 అనే చిన్న రాకెట్టును ఎగురవేసినారు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. 2023 జులై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే బయలుదేరింది. ఈ వార్తలన్నింటినీ తెలుగు పత్రికలు తెలుగులోనే రాయవలసి వచ్చింది. అవి ఏ అర తెరిచినవి?

‘ఉపగ్రహం’ చూడండి. గ్రహానికి తోడుగా ఉండేది. మాట చిన్నది, విడదీస్తే అర్థమవుతుంది, బాగా నిలిచింది. దీని ఆంగ్ల పదానికి మూలం లాటిన్‌లో అంగరక్షకుడు. గురుగ్రహపు చంద్రులకు 1611లో ఆ మాట వాడినవాడు కెప్లర్. ప్రాచీన ఏథెన్సులో ప్రభువు వెంట ఈటె పట్టుకొని నడిచే భటుణ్ణి ‘దొరుఫొరొస్’ అనేవారు. నేటి గ్రీసు దేశంలో కృత్రిమ ఉపగ్రహానికి అదే మాట! రెండువేల యేండ్లనాటి భటుడు ఆకాశానికి ఎక్కినాడు. రష్యావారు 1957లో తమ మొదటి ఉపగ్రహానికి పెట్టిన ‘స్పుత్నిక్’ అనే పేరుకు తోడి ప్రయాణికుడు అని అర్థం, అంటే ఉర్దూ కవుల ‘హమ్‌సఫర్’. ఉర్దూ పత్రికలు మాత్రం ‘మస్నూయీ సయ్యారా’ అన్నవి. మనిషి చేసిన గ్రహం అని దాని భావం, గ్రహానికీ ఉపగ్రహానికీ భేదం అందులో పోయింది. ఇక్కడ తెలుగు మాటే మేలని నా అభిప్రాయం. ఉర్దూ మిత్రులు మన్నింతురు గాక!

‘ప్రయోగం’ అంత అదృష్టం చేసుకోలేదు. రాకెట్టును వదలటం ప్రయోగం. అస్త్రప్రయోగం అనే పురాణపు వాడుక నుంచి వచ్చిన గంభీరమైన మాట ఇది. కాని రసాయన శాస్త్రపు గదిలో విద్యార్థి చేసేదీ ప్రయోగమే, వ్యాకరణంలో కర్మణి ప్రయోగమూ ప్రయోగమే. “ప్రయోగం విఫలమైనది” అని చదివినప్పుడు పరీక్షగా చేసినది ఫలించలేదో, వదిలిన వాహనం పడిపోయిందో వాక్యం చెప్పదు. ఎగురవేయటం అనే మాట మనకు లేకనా? గాలిపటాన్ని, పావురాన్ని ఎగురవేసే నోటికి రాకెట్టును ఎగురవేయటం కష్టమా?

‘కక్ష్య’ పాతకాలపు జ్యోతిశ్శాస్త్ర పదమే, తప్పు లేదు. కాని య-వత్తు జారితే ‘కక్ష’ అవుతుంది, పగ అని అర్థం. ఉపగ్రహం భూమి మీద కక్షతో తిరుగుతున్నదని రాసిన జవాబుపత్రం చూసి నవ్వే ముందు, ఆ మాటను ఆ పిల్లవాడు బడి బయట ఎన్నడైనా విన్నాడా అని ఆలోచించవలె. ఉర్దూలో ‘మదార్’ అంటారు. తిరిగే చోటు అని అర్థం, దౌర్, దాయిరా అనే పరిచయమైన మాటల కుటుంబానికి చెందినది కనుక ఉర్దూ విద్యార్థికి ఆ ఇబ్బంది లేదు.

రాకెట్టుకు మాత్రం అనువాదం వద్దన్నారు, అది మంచిదైనది. నిజానికి ఒక మాట ఉండేది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాలలో ఇనుప గొట్టాలలో మందు కూరి వదిలే రాకెట్లను ‘బాణ్’ అన్నారు. 1780లో పొల్లిలూరు యుద్ధంలో అవి పనిచేసినవి. హైదర్ అలీ 1782 డిసెంబరులో చిత్తూరు సమీపంలోనే కన్నుమూసినాడు, కనుక ఆ బాణాలు మన ప్రాంతానికి కొత్తవి కావు. కావ్యాలలోని బాణం సిపాయిల నోట రాకెట్టు అయినది, దీపావళి నాటికి ‘బాణసంచా’లో మిగిలినది. పద్యపు అరలోని మాట వాడుకలోకి దిగి వచ్చిన సందర్భాలు ఇట్లా కూడా ఉన్నవి.

పాఠ్యపుస్తకాల విషయం ఇంత తేలిక కాదు. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైనప్పుడు దానికి ముందే ‘దారుల్ తర్జుమా’ అనే అనువాద శాఖను నెలకొల్పి శాస్త్రగ్రంథాలను ఉర్దూ చేయించినారు. వహీదుద్దీన్ సలీం గారు పారిభాషిక పదాల నిర్మాణం మీదనే ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథం రాసినారు. అర్ధశతాబ్దం తరువాత, 1968లో, తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో సిద్ధం చేసింది. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే సమస్య. ఒకరు అరబీ అర తెరిచినారు, ఒకరు సంస్కృతపు అర తెరిచినారు. భూమి వస్తువులను లాగటాన్ని ఉర్దూవారు ‘కశిశ్-ఎ-సఖ్ల్’ అన్నారు, తెలుగువారు ‘గురుత్వాకర్షణ’ అన్నారు. విడదీసి చూస్తే సఖ్ల్ బరువు, గురుత్వం బరువు, కశిశ్ లాగటం, ఆకర్షణ లాగటం. రెండు పదాల కట్టడం ఒకటే! మొక్కలు వెలుతురుతో ఆహారం తయారుచేసుకోవటం తెలుగులో ‘కిరణజన్య సంయోగక్రియ’, ఉర్దూలో ‘జియాయీ తాలీఫ్’. మన కళాశాలలో రెండు మాధ్యమాల నుంచి వచ్చిన పిల్లలు ఈ రెండింటినీ కంఠస్థం చేసి వస్తారు. విషయం ఇద్దరికీ తెలుసు. కాని ఆంగ్లంలో పాఠం మొదలుకాగానే తనకు తెలిసినదే చెబుతున్నారని ఇద్దరూ గుర్తుపట్టరు. పక్కవాడు చదివినదీ అదేనని అసలే ఎరుగరు. పదానికి లోపల ఏమున్నదో ఎవరూ విప్పి చూపకపోవటమే ఇందుకు కారణం.

‘పలాయన వేగం’ అనే పదం ఇందుకు మరొక తార్కాణం. భూమి ఆకర్షణ నుంచి తప్పించుకొని పోవటానికి వస్తువుకు కావలసిన వేగం సెకనుకు సుమారు 11.2 కిలోమీటర్లు. పలాయనం అంటే మన వాడుకలో యుద్ధానికి జడిసి పారిపోవటం. చిత్తగించటం దానికి తోడు! ఇంత సాహసం చేసే రాకెట్టుకు ఈ పిరికి మాట తగిలించటం న్యాయమా? ‘విడుదల వేగం’ అన్నా, ‘తప్పించుకొనే వేగం’ అన్నా చదివేవాడు ఆగి ఆలోచించే అవసరం ఉండదు.

అందుచేత విద్యార్థులు ఒక చిన్న పని చేయవచ్చును. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన మరునాడు ఒక తెలుగు పత్రిక, ఒక ఉర్దూ పత్రిక దగ్గర పెట్టుకొని అందులోని శాస్త్రపదాలు ఒక నోటుపుస్తకంలో పక్కపక్కనే రాయవలె. వుడ్‌హౌస్ చేసినట్లు ప్రతి మాట ముందు ఒక గుర్తు ఉంచవలె: ఇది మా ఇంట్లో అనే మాట, ఇది పద్యంలో కనిపించే మాట, ఇది పుస్తకంలో తప్ప ఎక్కడా లేని మాట. తెలుగు విద్యార్థి రాసినది ఉర్దూ విద్యార్థికి విప్పి చెప్పవలె, ఉర్దూ విద్యార్థి అట్లే చేయవలె. కమిటీ పెద్దలు గ్రంథాలయానికి బ్రౌన్ నిఘంటువులు మూడింటినీ, తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలను, ఒక మంచి ఉర్దూ నిఘంటువును తెప్పిస్తే ఈ పనికి కావలసిన సామగ్రి అంతా ఒకేచోట ఉంటుంది. ఖర్చు పెద్దది కాదు.

మొదలుపెట్టటానికి ఒక మాట నేనే ఇస్తున్నాను. రాకెట్టు ఎగరటానికి ముందు పది, తొమ్మిది, ఎనిమిది అని కిందికి లెక్కపెడతారు. తెలుగు పత్రికలు ఏండ్ల తరబడి ‘కౌంట్‌డౌన్’ అనే రాస్తున్నవి. ఉర్దూవారు ‘ఉల్టీ గిన్‌తీ’ అంటారు, తలకిందులు లెక్క. తోకచుక్క వంటి మాట అది. తెలుగులో దానికి దీటైనది ఏ అరలో ఉన్నదో తెలుగు విద్యార్థులు వెతికి, వచ్చే సంచికకు రాసి పంపవలెను.